తేటనీళ్ల స్నానం

బాత్రూం జాలీలో చిక్కిన జుట్టునంతా ఉండచుట్టి తెచ్చి, నేను ఇడ్లీ తింటున్న బల్ల మీద పెట్టింది మా చెల్లెలు కుసుమ. నిమ్మకాయంత ఉంది ఆ ఉండ.

“చూడక్కా, ఇది ఒక్క తలస్నానానికి. ఇంకో నెల పోతే నా పార్లర్‌కి నేనే విగ్గు పెట్టుకుని వెళ్లాలి.”

“ముందు అది అవతల పారెయ్యవే. తింటున్నాను, కనిపించట్లేదా?”

పారెయ్యలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని ఏడుపు మొదలెట్టింది. కుసుమకి ద్వారకానగర్‌లో బ్యూటీ పార్లర్ ఉంది. వచ్చినవాళ్లు ముందు దాని జడ చూసి, ఆ తర్వాతే రేట్లు అడిగేవారు. పురిటికని మర్రిపాలెంలో మా అమ్మ దగ్గరికి వచ్చింది. పాపకి మూడో నెల నడుస్తోంది. మరిది శ్రీహరి సరుకుల ఓడలో ఇంజనీరు, ఎక్కడో సముద్రం మీదున్నాడు. నేనంటారా, పెళ్లి నిలవక ఎప్పుడో పుట్టింటికి వచ్చేసినదాన్ని. పిల్లల్లేరు. మధురవాడలో నీళ్లు శుద్ధిచేసే పరికరాల కంపెనీ ఒకటుంటే, అందులో కెమిస్టుని.

మా వీధి బోరు నీళ్ల సంగతి చెప్పాలంటే తిట్లతోనే చెప్పాలి. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, బకెట్ అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. ఆ నీళ్లు పోసుకుని పోసుకుని కుసుమ చేతుల మీద దద్దుర్లు కూడా లేచాయి.

“పురుడయ్యాక జుట్టు రాలడం మామూలేనని డాక్టరమ్మ చెప్పింది కదే. దానంతటదే ఆగుతుంది,” అన్నాను.

“ఆగేలోపు తల మీద ఏం మిగులుతుంది? నువ్వు తయారుచేస్తున్న ఆ షవర్ నాకు బిగించు. ఊళ్లోవాళ్లందరి జుట్టూ బాగుపడాలి, సొంత చెల్లెలిది మాత్రం ఊడిపోవాలా?”

ఇంకా బజారులోకి రాని వస్తువు, పాలిచ్చే తల్లికి పెట్టకూడదని చెప్పాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే ఆ షవర్ నేను కనిపెట్టింది. కన్నవాళ్లు బిడ్డని చంకనేసుకుని ఊరంతా చూపించుకుంటారే, నాకూ అలాగే ఉండేది.

దాని పేరు ‘తేట’. చూడ్డానికి మామూలు షవరే. లోపల ఆవగింజలంత పూసలుంటాయి. అవి నీళ్లలో ఉప్పునీ, క్లోరిన్ మందు వాసననీ లాగేసుకుంటాయి. ఆ పని చేసే ఫిల్టర్లు బజారులో బోలెడున్నాయి. నా పూసలు ఇంకో పని కూడా చేస్తాయి. నీళ్లతోపాటు కంటికి కనపడని పొరని ఒంటి మీద పరుస్తాయి. ఆ పొర మీద ఉప్పు అంటదు, మురికి నిలవదు, చర్మంలో తడి బయటికి పోదు. ల్యాబులో నేను రెండు వెంట్రుకలు పక్కపక్కన పెట్టి సిరా చుక్కలు వేసి చూపించేదాన్ని. మామూలు వెంట్రుక నల్లబడిపోయేది. తేట నీళ్లలో ముంచినదాని మీంచి చుక్క జారి కిందపడేది. చూసినవాళ్లందరూ చప్పట్లు కొట్టేవారు.

అప్పటికే మా కంపెనీ కుర్రాళ్ల హాస్టల్లో కొన్ని నెలలపాటు వాడి చూశాం. ఒక్కరికీ దురద రాలేదు, జుట్టు ఊడలేదు. “చొక్కాలు రెండ్రోజులేసుకున్నా కంపు కొట్టట్లేదు మేడమ్” అని ఒకడు సంబరపడ్డాడు కూడా. అందరం నవ్వాం. అందరూ బ్రహ్మచారులే. వాళ్లని దగ్గరికి తీసుకుని వాసన చూసే మనిషి ఆ హాస్టల్లో ఎవరున్నారు? ఆ ముక్క మా ఎవరి బుర్రకీ తట్టలేదు.

ఇంటి ముందు వైపు బాత్రూంలో కుసుమకి తేట బిగించాను. వెనక వరండా పక్క బాత్రూంలో అమ్మా నేనూ ఎప్పట్లాగే బకెట్టూ చెంబూ.

వారం తిరక్కుండా జాలీ శుభ్రంగా ఉండడం మొదలైంది. దద్దుర్లు మాయమయ్యాయి. ఇంకొన్నాళ్లకి కుసుమ జుట్టు నల్లగా, బరువుగా, దువ్వెన పెడితే జారిపోయేలా తయారైంది. కిటికీ గూట్లో వరసగా ఉండే కండిషనర్లు, సీరమ్‌లు, ఒంటికి రాసుకునే లోషన్లు అన్నీ అట్టపెట్టెలోకి వెళ్లిపోయాయి. “ఇది బజారులోకొస్తే నా పార్లర్ మూసుకోవాలక్కా” అని నవ్వుతూ అద్దం ముందు గంటలు గంటలు నిలబడేది. బుగ్గలు నిగనిగలాడేవి. చెమట వాసన లేదు, పౌడర్ అక్కర్లేదు. మా అమ్మ నూకరత్నం కూడా ముక్కున వేలేసుకుంది. “ఓలమ్మో, పురిటి గుంటలా నేదు, పెళ్లికూతుర్లా ఉంది” అని.

నేను ఆ మాటలన్నీ నెత్తిన పెట్టుకుని తిరిగాను.

ఓ పొద్దున నేను ఆఫీసుకి చీర కట్టుకుంటుంటే పాప ఏడుపు వినపడింది. ఆకలేడుపు కాదు, భయపడ్డ ఏడుపు. వెళ్లి చూస్తే కుసుమ తలస్నానం చేసొచ్చి మంచం మీద కూర్చుని పాలివ్వబోతోంది. పాప రొమ్ము దగ్గరికి వస్తుంది, ముక్కు ఆనించి అటూ ఇటూ వెతుకుతుంది, చప్పున మొహం తిప్పేసుకుని గుక్కపట్టి ఏడుస్తుంది. మళ్లీ తల్లి మొహంలోకి చూస్తుంది, నవ్వబోతుంది, దగ్గరికి తీసుకోగానే మళ్లీ అదే ఏడుపు.

“ఏమైంది దీనికి? రాత్రి కూడా సరిగ్గా తాగలేదు,” అంది కుసుమ.

“ఇలా ఇయ్యి,” అని ఎత్తుకున్నాను. భుజం మీద వేసుకోగానే నా మెడ దగ్గర మొహం దాచుకుని, వెక్కి వెక్కి ఊరుకుంది.

“సూసినావా, పెద్దమ్మ కావాలట గుంటకి,” అంది అమ్మ. మేమందరం నవ్వేశాం. కుసుమ కూడా నవ్వింది, ఆ మొదటి రోజు.

తర్వాత నవ్వలేదు. ఎందుకంటే పాప తాగడం తగ్గించేసింది. నిద్రమత్తులో ఉన్నప్పుడు కాసిని తాగేది, మెలకువ రాగానే తోసేసేది. పిల్లల డాక్టరు చెవులు చూశాడు, గొంతు చూశాడు, అంతా బాగానే ఉందన్నాడు. బరువు మాత్రం తగ్గిందన్నాడు. అమ్మ తన వైద్యం తను మొదలెట్టింది. పాలు పడ్డానికి పాలసొర చేప తెప్పించి పిట్టు వండింది. వెల్లుల్లి కారం దంచింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసి దిష్టి తీసింది. అన్నిటికీ మించి ఇంకోటి చేసింది.

“ఒంటి మీద ఏదో మైల ఉండుంటది. బయటోళ్లెవులైనా ముట్టుకున్నారేమో. తలకి పోసుకుని, సుబ్బరంగా ఒచ్చి పట్టు. పట్టే ముందర పెతీసారీ నీళ్లు పోసుకోవాలి, ఎల్లు,” అని కుసుమని బాత్రూంలోకి తోసేది.

కుసుమ వెళ్లేది. మా ఇళ్లల్లో పురిటి విషయంలో అమ్మ మాటకి ఎదురుండదు. తేట కింద నిలబడి, ఒళ్లంతా రుద్దుకుని, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చేది. పాప ఇంకా గట్టిగా ఏడ్చేది. “ఇంకోసారి పోసుకో,” అనేది అమ్మ. మళ్లీ వెళ్లేది. నేను బయట కూర్చుని ఆ షవర్ చప్పుడు వింటూ ఉండేదాన్ని.

చివరికి పాలు పిండి సీసాలో పోసి పట్టడం మొదలెట్టాం. సీసా కుసుమ పట్టుకుంటే వద్దు. నేను పట్టుకుంటే గటగటా తాగి, నా జాకెట్టు అంచు గుప్పిట్లో పట్టుకుని నిద్రపోయేది. ఆఫీసు నుంచి రాగానే నా అడుగుల చప్పుడుకే కాళ్లు కొట్టుకునేది. ఆ సమయంలో కుసుమ గుమ్మానికి ఆనుకుని నిలబడి చూసేది.

నాకు అనుమానం ఎప్పుడొచ్చిందో చెప్తాను. మా ల్యాబులో వాసనలు కొలిచే యంత్రం ఒకటుంది. అందరం దాన్ని ‘ముక్కు’ అంటాం. నీళ్లలో మురుగు వాసన పట్టడానికి కొన్నాం. గుడ్డముక్క దాని ముందు పెడితే, ఆ గుడ్డ తొడుక్కున్న మనిషి వాసనని ఎత్తుపల్లాలుగా తెర మీద గీసి చూపిస్తుంది. ఏ ఇద్దరికీ ఒకేలా రాదు. మా కుర్రాళ్లు ఖాళీగా ఉన్నప్పుడు దాంతో ఆడుకుంటుంటారు. పాప కుసుమ దగ్గర ముక్కు ఆనించి వెతికి మొహం తిప్పుకోవడం రోజూ చూస్తుంటే, హాస్టల్ కుర్రాడు చెప్పిన చొక్కాల మాట గుర్తొచ్చింది. ఓ మధ్యాహ్నం నా బ్యాగులో కుసుమ విడిచిన జాకెట్టు తీసుకెళ్లి దాని ముందు పెట్టాను.

తెర మీద గీత వంకర లేకుండా సాగిపోయింది. యంత్రం పాడైందనుకుని నా పైటచెంగు పెట్టి చూశాను. కొండలూ లోయలూ చక్కగా వచ్చాయి. మళ్లీ జాకెట్టు. మళ్లీ తిన్నని గీత. ఒంట్లో ఉన్న వాసన ఒంట్లోనే ఉండిపోతోంది. బయటి ఉప్పుని లోపలికి రానివ్వని నా పొర, లోపలి మనిషిని కూడా బయటికి రానివ్వడం లేదు. స్నానం చేసిన ప్రతిసారీ ఇంకాస్త మందమవుతోంది. పసిపిల్లలు తల్లిని ముందు గుర్తుపట్టేది ముక్కుతోనే. ఇప్పుడు పాప కళ్లు అమ్మే అంటున్నాయి, ముక్కు కాదంటోంది. ఎవరో పరాయిమనిషి తన తల్లి మొహం పెట్టుకుని వచ్చినట్టుంటుంది దానికి. భయపడదా మరి?

సరిగ్గా అప్పుడే మా పట్నాయక్ గారు లోపలికొచ్చారు. కంపెనీ ఆయనదే.

“ఏమిటండీ హైమవతి గారూ, గీతే లేదు? ఎవరిది?”

“తేట వాడుతున్నవాళ్లదండీ.”

“చెమట వాసన పూర్తిగా పోయిందన్నమాట! ఇంతకంటే ఏం కావాలండీ, పెట్టె మీద పెద్దక్షరాల్లో వేయిద్దాం.”

“అవునండీ,” అన్నాను. నోట్లోంచి ఆ మాటే వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లాక చెప్పేయాలనుకున్నాను. బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. గుమ్మంలో అడుగుపెట్టగానే పాప నన్ను చూసి రెండు చేతులూ చాపింది. ఎత్తుకున్నాను. నా మెడ దగ్గర ఊపిరి పీల్చుకుని, మొహం రుద్దుకుని, కిలకిల్లాడింది. రేపు చెప్దాంలే అనుకున్నాను.

ఉద్యోగం పోతుందని భయం. అనుమతి లేకుండా పరికరం ఇంటికి తెచ్చానని భయం. ఈ భయాలన్నీ నిజమే గానీ, వాటి వెనకాల దాక్కున్నదొకటుంది. నాకు బాగుంది. నా జన్మలో ఎవరూ నా కోసం అలా చేతులు చాపలేదు. దాని పాల వాసనా, తలమీది మెత్తటి వెంట్రుకలూ, గుప్పిట్లో నా జాకెట్టు అంచూ నాకు బాగున్నాయి. నా చెల్లెలు గుమ్మం దగ్గర ఎండిపోతున్న రొమ్ములతో నిలబడి ఉంటే, నాకు బాగుంది. ఛీ, ఏం మనిషిని నేను!

షవర్ పూసలు మారుస్తానని చెప్పి తీసేసినా సరిపోయేది. అదీ చెయ్యలేదు. చూద్దాం, ఒకవేళ కారణం ఇంకేదైనా అయ్యుండొచ్చు, అని నాకు నేనే అబద్ధం చెప్పుకుంటూ ఆ వారమంతా గడిపేశాను. ఆ వారమంతా కుసుమ అమ్మ చెప్పినట్టే స్నానాలు చేసింది.

ఆదివారం పొద్దున అమ్మ చేపలు కడుగుతోంది. నేను పాపకి సీసా పట్టి ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. కుసుమ వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది. జుట్టు వీపంతా పరుచుకుని నల్లగా మెరుస్తోంది. మొహం మాత్రం పీక్కుపోయింది.

“అక్కా, నేను వచ్చే వారం మా ఇంటికి వెళ్లిపోతాను. పార్లర్ తెరుచుకుంటాను.”

“ఇంత పసిదాన్ని వేసుకుని ఒక్కదానివీ ఎలా చేస్తావే?”

“దాన్ని తీసుకెళ్లను. నీ దగ్గరే ఉంచుకో.”

“పిచ్చిపిచ్చిగా మాట్లాడకు.”

“పిచ్చి కాదు. పాలు కూడా ఇంకిపోతున్నాయి, ఇవాళ పిండితే సీసా అడుగుకి కూడా రాలేదు. నేనంటే అసహ్యం దానికి. నా మొహం చూసి నవ్వుతుంది, ముట్టుకుంటే ఏడుస్తుంది. కన్నబిడ్డకే పడనిదాన్ని, నాలోనే ఏదో ఉంది. నీ దగ్గర హాయిగా ఉంటుంది. నువ్వే పెంచుకో.”

అమ్మ చేపలు వదిలేసి వచ్చింది. “ఏటే ఆ మాటలు? నోరుముయ్యి. దిట్టి పోతాది, ఎల్లి తలకి పోసుకునొచ్చి...”

కుసుమ లేచింది. తువ్వాలు తీసుకుని బాత్రూం వైపు నడిచింది.

“ఆగవే!” అని అరిచాను. పాప ఉలిక్కిపడింది. “పోసుకోకు. ఆ నీళ్లు పోసుకోకు. నీలో ఏమీ లేదే. నా షవరే. నేనే చేశాను.”

చెప్పాను. జాకెట్టు తీసుకెళ్లడం, ముక్కు, తిన్నని గీత, అంతా. కుసుమ నిలబడే వింది. తన ముంజేతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. జుట్టు ముందుకు లాక్కుని వాసన చూసింది. ఒళ్లు తుడుచుకునే తువ్వాలు తీసి చూసింది.

“నిజమే, ఏమీ లేదు,” అంది. తర్వాత నా వైపు తిరిగింది. “నీకెప్పుడు తెలిసింది?”

అది అడక్కుండా ఉంటే బాగుండునని ఎంత అనుకున్నానో.

“సోమవారం.”

“సోమవారం,” అంది. “మరి బుధవారం నేను నీ ముందు కూర్చుని ఏడ్చాను. నా తల నిమిరావు. గురువారం నేను స్నానానికి వెళ్తుంటే తువ్వాలు అందించావు.”

“అవునే.”

“ఎందుకూ?”

నేను ఒళ్లోని పాప వైపు చూశాను. అంతే. కుసుమకి అర్థమైపోయింది. ఒకే కడుపున పుట్టినవాళ్లం, దాని దగ్గర నేను ఏం దాచగలను? నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. వంగి పాపని నా ఒళ్లోంచి తీసుకుంది. పాప గుక్కపట్టింది. ఏడుస్తున్న పిల్లని అలాగే పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. లోపల ఇద్దరి ఏడుపూ వినపడింది. అమ్మ నన్ను తిట్టలేదు. చేతికంటిన చేపల పొలుసు తుడుచుకుంటూ నా వైపు చూసి, “నువ్వేటి మనిషివే?” అంది.

అప్పుడే వెళ్లి ముందు వైపు బాత్రూంలో తేట ఊడబీకి, ల్యాబుకి పరిగెత్తాను. వాచ్‌మన్‌ని బతిమాలి తలుపులు తీయించుకున్నాను. పొరని కరిగించే మందు ఏదైనా దొరుకుతుందేమోనని ఉన్న సీసాలన్నీ ముందేసుకున్నాను. కరిగించేవి ఉన్నాయి. అవి పోస్తే చర్మం కూడా కాలుతుంది. సున్నిపిండి, సీకాయ, కుంకుడు రసం, నూనెలు అన్నీ, తేట పొర పట్టించిన నా చెమట గుడ్డముక్కల మీద రుద్ది చూశాను. గీత కదల్లేదు. చర్మం మీద పొర, పై చర్మం రాలి కొత్తది వచ్చేదాకా ఉంటుంది. కొన్ని వారాలు. జుట్టు మీద పట్టింది మాత్రం జుట్టున్నన్నాళ్లూ ఉంటుంది. అంత గట్టిగా తయారుచేశానని నేనే ఒకప్పుడు గొప్పలు పోయాను.

కబురు తెలిసి పట్నాయక్ గారు వచ్చారు. అంతా విని, గడ్డం గోక్కున్నారు.

“అయ్యో పాపం. అయితే పెట్టె మీద ఓ ముక్క వేయిద్దామండీ. బాలింతలు వాడరాదు అని.”

“సార్, గుడ్డివాళ్లుంటారు, మతిమరుపొచ్చిన ముసలివాళ్లుంటారు. ఎవరు ఎవర్ని దేంతో గుర్తుపడతారో మనకేం తెలుసు? ఆపేయండి.”

“మీరిప్పుడు కంగారులో ఉన్నారు,” అన్నారాయన. నేను పూసలు పోసిన డబ్బాలన్నీ సింకులో బోర్లించి యాసిడ్ పోశాను. ఆయన అడ్డొచ్చేలోపే అయిపోయింది. తయారుచేసే పద్ధతి నాకొక్కదానికే పూర్తిగా తెలుసు. ఇక చెయ్యనని చెప్పాను. ఉద్యోగం పోయిందని వేరే చెప్పక్కర్లేదు కదా. అందులో నా గొప్పేమీ లేదు. ఆ పని సోమవారమే చెయ్యాల్సింది.

ఉత్త చేతులతో ఇంటికొచ్చేసరికి కుసుమ వరండాలో కూర్చుని ఉంది. తల గుండు చేసుకుంది. పార్లర్ నుంచి తెప్పించుకున్న మిషన్‌తో తనే గీసుకుంది. చెవి పక్కన చిన్న గాటు పడి రక్తం గడ్డకట్టింది. జుట్టంతా ఓ సంచిలో కుక్కి మూలన పడేసింది.

“జుట్టు మీద ఉండిపోతుంది కదా?” అంది.

“నీకెలా తెలుసే?”

“పదేళ్లుగా జుట్టుతోనే కదా బతుకుతున్నాను. దానికి ఏది పట్టుకుంటే వదలదో నాకు తెలీదా?”

“ఒంటి మీది పొర కొన్ని వారాల్లో పోతుందే.”

“అప్పటిదాకా నాకు పాలుంటాయా?”

ఇద్దరికీ తెలుసు, బిడ్డ నోరు పెట్టకపోతే ఉండవు. లోపల పాప ఏడుస్తోంది. అమ్మ ఉయ్యాల ఊపుతూ ఏదో పాడుతోంది. పాప ఊరుకోవడం లేదు. నా కాళ్లు వాటంతటవే లోపలికి కదిలాయి.

“నువ్వు ఎత్తుకోకు,” అంది కుసుమ. లేచి నిలబడింది. నన్ను కిందనుంచి పైదాకా చూసింది. “ఆ చీర ఎప్పుడు కట్టావు?”

“పొద్దున.”

“స్నానం చేశావా మళ్లీ?”

“లేదే. చెమటలు కారుతున్నాయి, పట్టుకోకు...”

“విప్పి ఇయ్యి.”

అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. అర్థమయ్యాక తల కొట్టేసినట్టయింది. వరండాలోంచి గదిలోకి వచ్చి చీర విప్పి ఇచ్చాను. జాకెట్టు కూడా అడిగింది. అదీ ఇచ్చి, అమ్మ నైటీ తగిలించుకున్నాను. కుసుమ నా జాకెట్టు తొడుక్కుని హుక్కులు వదిలేసింది. నా చీర ఒంటికి చుట్టుకుని, చెమట పట్టిన పైటచెంగు మెడ చుట్టూ, రొమ్ముల మీదా కప్పుకుంది. కిటికీ రెక్క మూసి గది చీకటి చేసింది. మంచం మీద కూర్చుని, అమ్మ చేతుల్లోంచి పాపని అందుకుంది.

పాప ఏడుస్తూనే వచ్చింది. మొహం అటూ ఇటూ కొట్టుకుంది. చీరకి ముక్కు తగిలింది. ఏడుపు సగంలో ఆగింది. మళ్లీ ముక్కు ఆనించి లోపలికి గట్టిగా పీల్చింది. వెతుక్కుంటూ వెతుక్కుంటూ నోటితో రొమ్ము అందుకుంది. కళ్లు మూసుకుని లాగడం మొదలెట్టింది. గుటకల చప్పుడు నాకు గుమ్మం దాకా వినపడింది.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుసుమ గుండు తల వంచి బిడ్డనే చూస్తోంది. దాని కళ్లలోంచి నీళ్లు నా చీర మీద పడుతున్నాయి. పాప చెయ్యి పైకి పాకి, నా జాకెట్టు అంచు వెతికి గుప్పిట్లో పట్టుకుంది. ఆ గుప్పిట చూడగానే నాకు దుఃఖం ఆగలేదు.

“కుసుమా,” అన్నాను.

పాప తాగడం ఆపింది. కళ్లు తెరిచి, తల నా వైపు తిప్పబోయింది. కుసుమ అరచేత్తో దాని చెవి మూసింది.

“నువ్వు బయటికి వెళ్లక్కా,” అంది, నా వైపు చూడకుండా, గొంతు పెంచకుండా. “నీ గొంతు వినపడితే నేనెవరో తెలిసిపోతుంది దానికి.”

తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చేశాను.